మీ ఖాతా నుంచి రేపు డబ్బు కట్ అవుతుంది

ఓటీటీకో, సిప్‌కో, బీమా ప్రీమియానికో కార్డు మీద ఆటో డెబిట్ పెట్టుకున్నవాళ్లకు ముందురోజే ఒక మెసేజ్ వస్తుంది. రేపు ఫలానా సంస్థకు మీ ఖాతా నుంచి ఇంత మొత్తం వెళ్తుంది, వద్దనుకుంటే ఇక్కడ ఆపుకోండి అని. చాలామంది దాన్ని చదవకుండానే తుడిచేస్తారు. ఆ మెసేజ్ కనీసం 24 గంటల ముందు రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నవి అందులో ఉండాలన్నదీ ఆ నిబంధనే. అయితే ఆ నాలుగు ముక్కలను ఏ వరసలో రాయాలి, ‘ఆపు’ అన్న లింకు నొక్కాక మనిషి ఎన్ని తెరలు దాటాలి, మెసేజ్‌ను అర్ధరాత్రి పంపాలా పగటిపూట పంపాలా, నంబరు మారిపోయి అది చేరకపోతే సంగతేమిటి? ఇవన్నీ తేల్చే మనిషి కంపెనీలో ఒకరుంటారు. ఆ ఉద్యోగం పేరు ప్రొడక్ట్ మేనేజర్.

తెలుగు ఇళ్లలో ఈ మాట ఇప్పుడు తరచూ వినపడుతోంది. అమ్మాయి హైదరాబాద్‌లో ప్రొడక్ట్ మేనేజర్‌గా చేరిందంటారు. అంటే ఏం చేస్తుందని పక్కింటివాళ్లు అడిగితే తల్లిదండ్రులు తడుముకుంటారు. ఆమె కోడ్ రాయదు, అమ్మకాలు చూడదు. ఏం తయారుచేయాలి, ఎవరికోసం, దేని తర్వాత ఏది, దాన్ని ఎప్పుడు జనం చేతిలో పెట్టవచ్చు అన్నవి తేల్చడం ఆమె పని. ఇంజనీర్లు, డిజైనర్లు, లాయర్లు, కస్టమర్ కేర్ వాళ్లు అందరూ ఆ నిర్ణయం వెంట నడిచేలా చూడటం కూడా ఆమె బాధ్యతే. మందులు, బీమా, విమానయానం, బ్యాంకింగ్ లాంటి రంగాల్లో ఈ పనికి ఇంకో మెలిక ఉంది. అక్కడ ఆమె తీసుకోవాల్సిన నిర్ణయాల్లో చాలావాటిని ప్రభుత్వమో, నియంత్రణ సంస్థో ముందే తీసేసుకుని ఉంటుంది. మిగిలిన కాస్త చోటులోనే ఆమె నేర్పు కనపడాలి. ఈ వ్యాసానికి డబ్బు చెల్లింపుల రంగాన్ని తీసుకుంటున్నాను. దాని నియమాల ఫలితం పాఠకులందరి ఫోన్లలోనూ ఉంది కాబట్టి ప్రతి మాటనూ ఎవరికి వారే సరిచూసుకోవచ్చు.

భోజనం తెచ్చిపెట్టే యాప్‌ను నడిపేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంటుంది. కొత్త బటన్‌ను నూటికి ఐదుగురికి చూపించి, సాయంత్రానికల్లా ఆర్డర్లు పెరిగాయో తగ్గాయో లెక్క చూసుకుంటారు. బాగుంటే అందరికీ ఇస్తారు, లేకపోతే మర్నాడు తీసేస్తారు. బిర్యానీ బదులు పులావు వస్తే మనిషి విసుక్కుంటాడు, అంతటితో పోతుంది. డబ్బు విషయంలో ఆ ధీమా చెల్లదు. 2025 ఆగస్టులో యూపీఐ ద్వారా జరిగిన లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. అందులో వెయ్యికి ఒక్కటి తప్పినా ఆ ఒక్క నెలలో 2 కోట్ల సార్లు ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నట్టే. వాళ్లలో ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లుంటారు, చివరి బస్సు టికెట్ కొంటున్నవాళ్లుంటారు. చిన్న మార్పు చేసి ఏమవుతుందో చూద్దాం అనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

పైగా చెల్లింపుల యాప్ సొంత సామ్రాజ్యమేమీ కాదు. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో పాల ప్యాకెట్‌కు 30 రూపాయలు కట్టారనుకోండి. యూపీఐలో ఆ డబ్బు ఒక్క క్షణమైనా యాప్ దగ్గర ఆగదు. యాప్ మీ ఆదేశాన్ని తనకు అండగా ఉన్న బ్యాంకుకు చెబుతుంది, ఆ బ్యాంకు యూపీఐని నడిపే ఎన్‌పీసీఐకి చెబుతుంది, ఎన్‌పీసీఐ మీ బ్యాంకును అడుగుతుంది. మీ ఖాతాలోంచి తీసిన సొమ్ము పాల బూత్ యజమాని ఖాతాలో పడ్డాక జవాబు అదే దారిన వెనక్కి వస్తుంది. ఈసారి పిన్ అడిగే తెరను ఒకసారి పరీక్షగా చూడండి. అక్కడికి రాగానే యాప్ పోకడ మారిపోతుంది. ఆ తెర ఎన్‌పీసీఐ ఇచ్చిన కోడ్‌తో నడుస్తుంది, మీరు కొట్టే అంకెలు యాప్‌కు కనపడవు. చెల్లింపు మొత్తంలో అతి ముఖ్యమైన ఆ ఘడియలో యాప్ ప్రొడక్ట్ మేనేజర్‌కు ఒక్క అక్షరం మార్చే అధికారం లేదు. ఈ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఎన్ని యాప్‌లు వచ్చినా పోయినా పిన్ మాత్రం బ్యాంకుకే చేరుతుందన్న నమ్మకం లేకపోతే కూరగాయల బండి దాకా యూపీఐ వచ్చేది కాదు.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు నిబంధనను చివర్లో వేయించుకునే ముద్రగా చూస్తారు. ముందు వస్తువు తయారుచేద్దాం, విడుదలకు వారం ముందు నిబంధనల పాటింపు చూసే కంప్లయన్స్ వాళ్లకు చూపిద్దాం అనుకుంటారు. ఆ వారంలో ఇది కుదరదు, అది కుదరదు అన్న జాబితా వస్తుంది. అప్పుడు అక్కడో టిక్ బాక్స్, ఇక్కడో చిన్నక్షరాల పేరా అతికిస్తారు. మనకు చిరాకు తెప్పించే తెరలు చాలావరకు ఇలా పుట్టినవే. ఊరి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ కనపడితే, అక్కడ ఇంతకుముందు ఎవరికో దెబ్బ తగిలి ఉంటుందని స్థానికులు చెబుతారు. నిబంధన కూడా అంతే. ఎవరికి ఏ నష్టం జరిగితే ఇది వచ్చింది అని మొదటిరోజే అడిగిన ప్రొడక్ట్ మేనేజర్ చేతిలో అదే నిబంధన మంచి వస్తువుగా మారుతుంది.

ఓటీపీ సంగతే చూద్దాం. 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు కార్డు మీది అంకెలు చాలవని, కార్డుదారుకే తెలిసిన మరో రుజువు కావాలని రిజర్వ్ బ్యాంక్ షరతు పెట్టింది. కారణం సులువుగానే ఊహించవచ్చు. హోటల్లో బిల్లు కట్టడానికి కార్డు ఇస్తే ఐదు నిమిషాలు అది వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. ముందు పదహారు అంకెలు, వెనక మూడంకెలు, గడువు తేదీ అన్నీ దానిమీదే ఉంటాయి. రాసుకున్నవాడు ఆ రాత్రే ఏదైనా కొనుక్కోవచ్చు. అందుకని కార్డు మీద లేని రుజువు కావాలన్నారు. అదే కాలక్రమంలో ఫోన్‌కు వచ్చే ఆరంకెలుగా మనకు అలవాటైంది.

2013లో ఊబర్ భారతదేశానికి వచ్చింది. ప్రయాణం అయిపోగానే దిగి వెళ్లిపోవడం, డబ్బు దానంతట అదే కట్ కావడం ప్రపంచమంతటా ఆ యాప్‌కు పెద్ద ఆకర్షణ. ఇక్కడ కూడా ఓటీపీ లేకుండా అలాగే నడిపింది. చెల్లింపును విదేశం మీదుగా తిప్పడంతో అది సాధ్యమైంది. 2014 ఆగస్టు 22న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. కార్డు ఇక్కడిది, సేవ ఇక్కడిది అయినప్పుడు చెల్లింపు ఇక్కడి బ్యాంకు ద్వారా రూపాయల్లోనే జరగాలి, రెండో రుజువు ఉండాల్సిందే, అక్టోబర్ 31 దాకా గడువు అన్నది దాని సారాంశం. ఆ నవంబర్‌లో ఊబర్ పేటీఎం వాలెట్‌ను తెచ్చింది. ఓటీపీతో వాలెట్‌లో ముందే డబ్బు వేసుకోవాలి. దిగేటప్పుడు మళ్లీ ఏ అంకెలూ అక్కర్లేదు. నిబంధన కోరిన రుజువును ప్రయాణం చివరి నుంచి మొదటికి జరిపారంతే. తర్వాత 2015 మేలో నగదు తీసుకోవడాన్ని ప్రయోగంగా మొదలుపెట్టారు, అదీ మన హైదరాబాద్‌లో. ఆ పద్ధతి పోనుపోను మరెన్నో దేశాలకు వెళ్లింది. రిజర్వ్ బ్యాంక్ సర్క్యులరే నగదుకు కారణమని అనను. కానీ కార్డు దారి ఇరుకయ్యాక, ఇక్కడి మనిషి జేబులో నిజంగా ఏముందో చూడక తప్పలేదన్నది నా అభిప్రాయం.

మొదట చెప్పుకున్న ఆటో డెబిట్ మెసేజ్‌కు ఇంకాస్త పెద్ద కథ ఉంది. దాన్ని నెమ్మదిగా చెప్పుకోవాలి. ఒకసారి కార్డు నంబరు ఇచ్చేస్తే నెలనెలా డబ్బు తీసుకుపోయే సంస్థలు పెరిగాయి. మొదటి నెల ఉచితం అని చేర్చుకుని, రెండో నెల నుంచి చడీచప్పుడు లేకుండా తీసుకునేవి కొన్ని. ఆపుదామంటే ఆ బటన్ ఎక్కడుందో దొరకనివి కొన్ని. 2019 ఆగస్టు 21న రిజర్వ్ బ్యాంక్ దీనికో చట్రం ఇచ్చింది. ఆటో డెబిట్ పెట్టుకునేటప్పుడు ఒకసారి ఓటీపీ లాంటి రుజువు ఉండాలి. ప్రతిసారీ తీసే మొత్తం ఒకటేనా, మారుతుందా అన్నది వినియోగదారు ఎంచుకోవాలి. మారేటట్టయితే గరిష్ఠం ఎంతో వాళ్లే చెప్పాలి. 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలి. ఆ ఒక్కసారికి గానీ, శాశ్వతంగా గానీ ఆపుకునే వీలుండాలి. తీసుకున్నాక కూడా చెప్పాలి. దీనికి వినియోగదారు దగ్గర రుసుము వసూలు చేయకూడదు. ఇదంతా అప్పట్లో 2,000 రూపాయల లోపు చెల్లింపులకే వర్తించేది. అంతకు మించితే ప్రతిసారీ రుజువు కావాల్సిందే.

ఈ షరతులను ఒక ప్రొడక్ట్ మేనేజర్ కళ్లతో చదవండి. 24 గంటల ముందు చెప్పాలంటే రేపు ఎవరెవరి దగ్గర ఎంత తీయాలో ఇవాళే తేలిపోవాలి. కరెంటు బిల్లు లాంటివి ఏ నెలకానెల మారతాయి, అంటే బిల్లు తయారయ్యే తేదీకీ డబ్బు తీసే తేదీకీ మధ్య ఎడం పెట్టాలి. మనిషి రాత్రి 11 గంటలకు ‘ఆపు’ అన్నాడు, తెల్లవారితే డబ్బు పోవాలి. ఆ మాట అమ్మకందారు దగ్గర్నుంచి బ్యాంకు దాకా అన్ని కంప్యూటర్లకూ సమయానికి అందాలి. అందకపోతే తప్పు ఎవరిది, డబ్బు ఎవరు వాపసు ఇవ్వాలి? కార్డు గడువు ముగిసి కొత్త కార్డు వస్తే పాత అనుమతి ఏమవుతుంది? కాగితం మీద ఒక పేరాగా ఉన్న నిబంధన ఇలా పదుల కొద్దీ చిన్న ప్రశ్నలుగా విడిపోతుంది. వాటిని ఒక్కొక్కటిగా రాసిపెట్టుకుని, బ్యాంకుల వాళ్లతో, లాయర్లతో కూర్చుని జవాబులు తేల్చడమే ఈ రంగంలో ఎక్కువ రోజుల పని. బయటివాళ్లకు ఇది విసుగు పుట్టించే పనిలా ఉంటుంది. నాకు మాత్రం ఆ ఉద్యోగంలో గౌరవించదగ్గ భాగం ఇదే అనిపిస్తుంది.

చాలా సంస్థలు ఈ పనిని వాయిదా వేశాయి. 2021 మార్చి 31 గడువు సమీపించినా బ్యాంకులు, అమ్మకందారులు సిద్ధం కాలేదు. రిజర్వ్ బ్యాంక్ తన అసంతృప్తిని దాచుకోకుండానే సెప్టెంబర్ 30 దాకా ఆగింది. అక్టోబర్ 1న నిబంధన అమలైంది. ఎక్కడెక్కడి ఆటో డెబిట్లు విఫలమయ్యాయి. పెద్ద ఓటీటీలు తట్టుకున్నాయి. నెలనెలా వచ్చే చిన్న విరాళాల మీద బతికే స్వచ్ఛంద సంస్థలకు, చందాల మీద నడిచే చిన్న వార్తా సైట్లకు దెబ్బ గట్టిగా తగిలింది. ఒకసారి ఆగిన విరాళాన్ని మళ్లీ మొదలుపెట్టించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. వినియోగదారును కాపాడటానికి వచ్చిన నియమం ఇలా మరో అమాయకుడి కడుపు కొట్టగలదు. దాన్ని ఒప్పుకోకుండా నిబంధనలను పొగడటం సరికాదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2,000 రూపాయల పరిమితి 2021 జనవరికే 5,000 అయింది. 2022 జూన్‌లో 15,000కు పెరిగింది. 2023 డిసెంబర్‌లో మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లులకు లక్ష రూపాయల దాకా పెంచారు. 2024లో ఫాస్టాగ్ రీఛార్జి లాంటివాటికి 24 గంటల ముందస్తు మెసేజ్ అక్కర్లేదన్నారు. టోల్‌గేట్ దగ్గర నిల్వ అయిపోతే రేపటిదాకా ఆగమనలేరు కదా. ఈ మార్పులన్నీ రంగంలో ఉన్నవాళ్లు అనుభవాన్ని లెక్కలతో సహా ముందుంచితే వచ్చేవే. నియంత్రణ సంస్థతో మాట్లాడటం లాయర్ల పనేనని పక్కన పెట్టే ప్రొడక్ట్ మేనేజర్ తన పనిలో సగం వదిలేసినట్టే. ఏ నియమం ఎవరిని ఎక్కడ ఇబ్బంది పెడుతోందో రోజూ దగ్గరగా చూసేది తనే.

ఇక మన రాష్ట్రాలను నేరుగా తాకిన సంగతికి వస్తాను. 2020లో కొవిడ్ లాక్‌డౌన్ తర్వాత చేతిలో డబ్బు లేని జనానికి ఫోన్‌లోనే అప్పు ఇచ్చే యాప్‌లు ఎదురొచ్చాయి. ఆధార్, సెల్ఫీ ఇస్తే పది నిమిషాల్లో డబ్బు. యాప్ పెట్టుకునేటప్పుడు అది మీ కాంటాక్టులను, ఫొటోలను చూడటానికి అనుమతి అడిగేది. తొందరలో ఉన్న మనిషి సరేననేవాడు. గడువు దాటగానే ఆ కాంటాక్టుల్లో ఉన్న అత్తగారికి, ఆఫీసులో పైఅధికారికి, చిన్ననాటి స్నేహితులకు ఫోన్లు వెళ్లేవి. మార్చిన ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పడేవి. 2020 డిసెంబర్‌లో తెలంగాణలో వరుసగా ఆత్మహత్యలు జరిగాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. దేశమంతా దీని గురించి అప్పుడే గట్టిగా మాట్లాడుకుంది.

ఆ యాప్‌ల లెక్క ఒకటి చూపిస్తాను. 5,000 రూపాయల అప్పు, ప్రాసెసింగ్ రుసుము పేరిట ముందే 1,500 కోత, చేతికొచ్చేది 3,500, వారంలో 5,000 కట్టాలి అనుకుందాం. వారానికి 3,500 మీద 1,500 అంటే ఏడాదికి సాదా వడ్డీగా లెక్కగట్టినా 2,200 శాతం దాటుతుంది. తెర మీద మాత్రం వడ్డీ రోజుకు ఇంత పైసలు అని చిన్నదిగా కనపడవచ్చు. ఇక్కడ ఒక విషయం సూటిగా చెప్పాలి. కాంటాక్టుల అనుమతి అడిగే ఆ తెర దానంతట అది పుట్టలేదు. తాకట్టుగా బంగారం లేదు, భూమి లేదు, కాబట్టి పరువునే తాకట్టు పెట్టించుకుందాం అని ఎవరో నిర్ణయించారు. అది కూడా ప్రొడక్ట్ నిర్ణయమే.

రిజర్వ్ బ్యాంక్ 2021 జనవరి 13న ఒక బృందాన్ని వేసింది. ఆ ఏడాది మొదటి రెండు నెలల్లో భారతీయ ఆండ్రాయిడ్ వాడకందారులకు అందుబాటులో ఉన్న దాదాపు 1,100 అప్పు యాప్‌లను పరిశీలిస్తే వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని ఆ బృందం తేల్చింది. 2022 సెప్టెంబర్ 2న మార్గదర్శకాలు వచ్చాయి. అవి దాదాపు డిజైన్ పుస్తకంలా ఉంటాయి. యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్లు, ఫొటోల జోలికి పోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ కూడా కస్టమర్‌ను చేర్చుకునేటప్పుడు ఒక్కసారే, స్పష్టమైన అనుమతితోనే. అప్పు సొమ్ము నేరుగా తీసుకున్నవాళ్ల బ్యాంకు ఖాతాలో పడాలి, మధ్యలో మూడోవాళ్ల ఖాతాల గుండా పోకూడదు. అన్ని రుసుములూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక వివర పత్రంలో ముందే చూపాలి. అడగకుండా అప్పు పరిమితి పెంచకూడదు. మనసు మారితే నిర్ణీత వ్యవధిలో అసలు, అప్పటిదాకా అయిన ఖర్చు కట్టి జరిమానా లేకుండా బయటపడే దారి ఉండాలి. ఒక్కో వాక్యాన్నీ 2020 డిసెంబర్ పక్కన పెట్టి చదివితే, ప్రతిదానికీ వెనుక ఒక ఇల్లు కనపడుతుంది.

ఇలాంటి విషాదం మనకు ఇది రెండోసారి. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రో ఫైనాన్స్ వారపు వసూళ్ల వేధింపులు ఆత్మహత్యల దాకా వెళ్తే, ఆ అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూలు నెలవారీగా, బహిరంగ స్థలంలోనే జరగాలంది. ఆ తర్వాతే రిజర్వ్ బ్యాంక్ వేసిన మాలెగాం కమిటీ వచ్చింది, మైక్రో ఫైనాన్స్ కంపెనీలకు దేశవ్యాప్తంగా ప్రత్యేక నియమాలు వచ్చాయి. గ్రామాల్లో ఇంటి ముందు కూర్చుని పరువు తీసిన పద్ధతే పదేళ్ల తర్వాత ఫోన్‌లోకి వచ్చింది. అప్పు వస్తువులు తయారుచేసే తెలుగు యువతీ యువకులు ఈ రెండు సంవత్సరాల చరిత్ర చదవాలని గట్టిగా కోరుకుంటాను.

మళ్లీ అప్పు యాప్‌లకు వస్తే, 2024 అక్టోబర్ 1 నుంచి అవి చూపాల్సిన వివర పత్రం అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలన్న నియమం కూడా అమల్లోకి వచ్చింది. ఇక్కడ ప్రొడక్ట్ మేనేజర్ మనసెలాంటిదో తెలిసిపోతుంది. తెలుగులో పత్రం తయారుచేసి, చదవలేనంత చిన్న అక్షరాల్లో, నాలుగు తెరల కింద దాచి, పైన ‘అంగీకరిస్తున్నాను’ బటన్ పెద్దగా పెట్టవచ్చు. నిబంధన అక్షరాలా పాటించినట్టే ఉంటుంది. లేదా మొదటి తెర మీదే మీ చేతికి ఇంత వస్తుంది, మొత్తం ఇంత కడతారు, ఫలానా తేదీన ఇంత కట్టాలి అని మూడు వాక్యాలు పెద్దగా రాయవచ్చు. రెండో దారిలో కొంతమంది అప్పు తీసుకోకుండా వెనక్కి వెళ్తారు. ఆ వెనక్కి వెళ్లినవాళ్లను నష్టంగా లెక్కవేయని కంపెనీలోనే మంచి ప్రొడక్ట్ మేనేజర్ నిలవగలదు.

మంచి ఉద్దేశంతో చేసిన వస్తువు కూడా చేతులు మారితే ఎలా తిరగబడుతుందో యూపీఐలోని ‘రిక్వెస్ట్’ సదుపాయం చెబుతుంది. స్నేహితుడు మీకు 500 ఇవ్వాలి, మీరు గుర్తుచేస్తూ ఒక అభ్యర్థన పంపుతారు, అతను పిన్ కొడితే డబ్బు మీకు వస్తుంది. చక్కటి ఆలోచన. మోసగాళ్లు దాన్ని తలకిందులు చేశారు. పాత సోఫా అమ్ముతానని ప్రకటన ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టి తీసుకోండి అనేవారు. నిజానికి డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. హెచ్చరికలు రాశారు, ఒక్కో అభ్యర్థనకు 2,000 పరిమితి పెట్టారు. అయినా తెర మీది హెచ్చరిక కన్నా ఫోన్‌లో మాట్లాడే గొంతుకే బలమెక్కువ. చివరికి 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తుల మధ్య ఈ సదుపాయాన్ని ఎన్‌పీసీఐ పూర్తిగా తీసేసింది. నిజాయతీగా వాడుకునేవాళ్లు దాన్ని కోల్పోయారు. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. ఒక వస్తువును ఎవరు వాడతారన్న ప్రశ్న వేసినప్పుడే, దాన్ని ఎవరు దుర్వినియోగం చేస్తారన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. చాలా కంపెనీల్లో రెండోది వేయడానికి ప్రత్యేకంగా మనిషే ఉండరు.

ఇంకొకటి పాఠకులకు నేరుగా పనికొచ్చేది. డబ్బు మన ఖాతాలో కట్ అయి, అవతలివాళ్లకు చేరకపోతే ఏం జరగాలో 2019 సెప్టెంబర్‌లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. వ్యక్తికి పంపిన యూపీఐ డబ్బయితే మర్నాటికల్లా, దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లో దానంతట అదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, అడగకుండానే. యాప్‌లో ‘పెండింగ్’ అన్న ఒక్క మాట చూపించి ఊరుకోవడం కన్నా, ‘రేపు రాత్రిలోగా మీ ఖాతాకు తిరిగి వస్తుంది’ అని తేదీతో సహా రాయడానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు. కౌంటర్ ముందు చెమటలు పడుతున్న మనిషికి ఆ వాక్యం ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. నిబంధన ఇచ్చిన హక్కును తెర మీదకు తేవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే అని గుర్తుంచుకున్న యాప్‌లు ఇంకా పెరగాలి.

నిబంధనల వల్ల అయ్యే ఖర్చు గురించి కూడా మాట్లాడాలి. వాట్సాప్ 2018 ఫిబ్రవరిలో 10 లక్షల మందితో యూపీఐ ప్రయోగం మొదలుపెట్టింది. ఆ ఏప్రిల్‌లోనే చెల్లింపుల సమాచారమంతా భారతదేశంలోనే నిల్వ ఉంచాలన్న ఆదేశం వచ్చింది. 2 కోట్ల మందికి ఇవ్వడానికి అనుమతి రావడానికి 2020 నవంబర్ అయింది. పరిమితి పూర్తిగా తొలగింది 2024 డిసెంబర్ 31న. ఈలోగా రెండు యాప్‌లే యూపీఐ లావాదేవీల్లో నూటికి 80కి పైగా పట్టేశాయి. ఏ ఒక్క యాప్‌కూ 30 శాతం మించకూడదన్న నియమం 2020లోనే చేశారు గానీ, దాని అమలు గడువు 2026 డిసెంబర్ 31 దాకా జరుగుతూ వచ్చింది. కార్డు వివరాలు అమ్మకందారు దగ్గర దాచకూడదన్న నియమం కూడా పలుమార్లు వాయిదా పడి 2022 అక్టోబర్ 1న అమలైంది. ఇలా గడువులు జరిగినప్పుడల్లా సమయానికి పని పూర్తిచేసినవాళ్లు నష్టపోతారు. వాళ్లు ఖర్చు పెట్టేసి ఉంటారు, పెట్టనివాళ్లకు శిక్ష ఉండదు. పదిమంది ఉన్న చిన్న కంపెనీకి ఒక్క ఆడిట్ ఖర్చే మొయ్యలేని భారమవుతుంది. పెద్ద సంస్థకు అది లెక్కలోకి రాదు. భద్రత కోసం పెట్టిన మెట్టు పోటీని తగ్గించే గోడగా మారకుండా చూడటం నియంత్రణ సంస్థల బాధ్యత. ఆ విషయంలో మన దగ్గర ఇంకా శ్రద్ధ కావాలి.

ఒక నియమం ఒకచోట నొక్కితే మరోచోట ఉబ్బుతుంది కూడా. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపు మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోవడానికి లేదు. చిన్న దుకాణదారుకు ఇది పెద్ద మేలు. కానీ చెల్లింపు యాప్‌కు తన ప్రధానమైన పని మీద ఆదాయం లేకుండా పోయింది. అందుకే యాప్ తెరవగానే అప్పు, బీమా, బంగారం, ప్రకటనలు ఎదురొస్తాయి. 10 రూపాయల టీకి డబ్బు కట్టడానికి వచ్చిన మనిషికి 2 లక్షల అప్పు చూపించాలన్న ఒత్తిడి ఆ ప్రొడక్ట్ మేనేజర్ మీద ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

2025 సెప్టెంబర్ 25న రిజర్వ్ బ్యాంక్ రుజువుల పద్ధతిపై కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి వాటిని పాటించాలి. ఎస్సెమ్మెస్ ఓటీపీయే కావాలని అందులో పట్టుబట్టలేదు. రెండు రుజువులు ఉండాలి, కార్డు నేరుగా వాడని డిజిటల్ చెల్లింపుల్లో వాటిలో ఒకటైనా ఆ లావాదేవీకే ప్రత్యేకంగా పుట్టినదై ఉండాలి, లావాదేవీలో ప్రమాదాన్ని బట్టి అదనపు తనిఖీలు పెట్టుకోవచ్చు అంది. వేలిముద్రా, ముఖమా, ఫోన్‌లోనే ఉండే టోకెనా అన్నది సంస్థలే ఎంచుకోవచ్చు. దానితోపాటు ఇంకో షరతు ఉంది. ఈ ఆదేశాలు పాటించకపోవడం వల్ల కస్టమర్‌కు నష్టం జరిగితే, కార్డో ఖాతో ఇచ్చిన సంస్థ ఆ మొత్తాన్ని పూర్తిగా చెల్లించాలి. నిన్నటిదాకా రిజర్వ్ బ్యాంక్ చెప్పినట్టే చేశాం అనడానికి వీలుండేది. ఇప్పుడు ఎలా చేయాలో తామే తేల్చుకోవాలి. చూపు సరిగా లేని పెద్దావిడకు, పొలం పనితో వేలిముద్రలు అరిగిపోయిన రైతుకు, ఒకే ఫోన్ వాడుకునే ఇంట్లో నలుగురికి ఏ రుజువు పనికొస్తుందో ఒక్కో బ్యాంకులో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. ఆ నిర్ణయం తప్పితే పోయే సొమ్ము ఈసారి బ్యాంకుది.